జెర్బోనియా తేలేదాకా

కొండ్రుపాడు అరుణ భవనంలో ఏ సమావేశం జరిగినా ఎజెండా ఒకటే. మొదటి అంశం అంతర్జాతీయ పరిస్థితి. రెండోది జాతీయ పరిస్థితి, మూడోది రాష్ట్ర పరిస్థితి, నాలుగోది స్థానిక సమస్యలు, ఆపైన ఇతరములు. ఈ వరుస మారదు. వెనకటికి ఓ వరదలో నీళ్లు భవనం మెట్లెక్కి లోపలికొచ్చినా మారలేదని పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. కామ్రేడ్లందరూ కాళ్లు కుర్చీల మీదికి లాక్కుని, లాటిన్ అమెరికా పూర్తి చేసి, ఆఫ్రికాలో సగం దూరం వెళ్లాక గానీ ఒక స్థానిక సమస్య తమ మోకాళ్లదాకా వచ్చిందని ఒప్పుకోలేదట.

ఈ సంగతి సువార్తమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికురాలు. ఇరవై రెండేళ్లుగా పంతొమ్మిదో వార్డు ఊడుస్తోంది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ పోతూ అరుణ భవనం కూడా ఊడ్చి పోతుంది. దానికి జీతం లేదు, అది పార్టీ పని. పార్టీ అంటే ఆమెకు ప్రాణం. ఒకప్పుడు ఈ కామ్రేడ్లే కమిషనరు గది ముందు మూడు రోజులు బైఠాయించి ఆడవాళ్లకు ప్రసూతి సెలవు సాధించారు. ఆ సెలవులోనే ఆమె పెద్దకూతురు పుట్టింది. అందుకని వాళ్లేం మాట్లాడినా సువార్తమ్మ కోపం తెచ్చుకునేది కాదు. చీపురు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, ఓపిగ్గా వినేది.

వినీ వినీ ఆమె ఒక విషయం కనిపెట్టింది. మైదానంలో బహిరంగ సభ పెట్టినప్పుడు మాత్రం ఈ వరుస తలకిందులవుతుంది. అక్కడ మొదట మురుక్కాలవలు, మంచినీళ్లు, రేషను కార్డులు. జనం లేచి చీరలు దులుపుకునే వేళకు గానీ అంతర్జాతీయ పరిస్థితి రాదు. కుర్చీలు మడిచేది తనే గనక ఆమె ఆ ప్రసంగాలన్నీ ఖాళీ మైదానంలో ఒంటరిగా వినేది.

ఆ సోమవారం ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. మున్సిపాలిటీ వాళ్లు రోడ్లూడ్చే యంత్రం ఒకటి కొన్నారు. దానికి ముందు రెండు గుండ్రటి బ్రష్షులు, వెనక పెద్ద డబ్బా, పైన ఓ పూలదండ. అది వచ్చిన సంబరంలో ఒకటో తారీఖు నుంచి ముప్పై ఒక్క మంది ఆడవాళ్లు పనిలోకి రానక్కర్లేదని నోటీసు బోర్డుకు అంటించారు. అందులో మొదటి పేరు సువార్తమ్మది. సమ్మె చేయాలంటే పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంటే ఈ శనివారం సాయంత్రం ఐదింటిలోపు. ఆమె చేతిలోని ఆ నోటీసు మీద యూనియన్ గౌరవాధ్యక్షుడి సంతకం ఉండాలి. గౌరవాధ్యక్షుడంటే పార్టీ పట్టణ కార్యదర్శి కామ్రేడ్ చలమయ్య. ఆయన సంతకం చేయాలంటే పట్టణ కమిటీ తీర్మానించాలి. కమిటీ తీర్మానించాలంటే నాలుగో అంశం దాకా రావాలి.

"మాస్టారూ, ఇక్కడ ఒక్క సంతకం బెడితే మా దారిన మేం పోతాం. బైట మావోళ్లంతా నిలబడున్నారు" అంది సువార్తమ్మ.

చలమయ్య హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. కాగితం రెండుసార్లు చదివారు. ఆయన కళ్లు చెమర్చాయి కూడా.

"సువార్తమ్మా, నా గుండె నీతోనే ఉంది. నా సంతకం మాత్రం ఎజెండాతో ఉంది. ప్రపంచాన్ని గాలికొదిలేసి పంతొమ్మిదో వార్డు పట్టుకు వేలాడితే దాన్నేమంటారో తెలుసా? ఆర్థికవాద పెడధోరణి అంటారు."

"అట్టాగా మాస్టారూ. మొన్నటిదాకా దాన్నే యూనియన్ అనేవోళ్లం గదా."

"కంగారు పడకు. ఈసారి అంతర్జాతీయ పరిస్థితి చిన్నదే. ఒక్క జెర్బోనియాయే ఉంది. గంటలో తేల్చేస్తాం, కూర్చో."

జెర్బోనియా ఎక్కడుందో కొండ్రుపాడులో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఇంతే. ముప్పై ఏళ్ల కింద అక్కడ ఎర్రజెండా ప్రభుత్వం ఉండేది, కూలిపోయింది. ఆ తర్వాత అవే మనుషులు జెండా రంగు మార్చి, మెడకు టైలు కట్టి, నవీన ప్రజా కూటమి అని పేరు పెట్టుకుని, అవే కుర్చీల్లో మళ్లీ కూర్చున్నారు. పోయిన గురువారం ఆ ప్రభుత్వం కూడా కూలిపోయిందని పేపర్లో నాలుగో పేజీలో, గేదె తప్పిపోయిన ప్రకటన పక్కన వచ్చింది. మనవాళ్లు పోయాక వచ్చిన, సగం మనవాళ్లే అయిన, మనల్ని కాదనుకున్న ప్రభుత్వం పోతే మనం ఏడవాలా, నవ్వాలా? ఇదీ కమిటీ ముందున్న ప్రశ్న.

ఏడవాలన్నారు చలమయ్య. "కామ్రేడ్స్! కూటమి మనల్ని కాదన్నది, నిజమే. కానీ ఆ కుర్చీలు చేయించింది ఎవరు? మనం! చారిత్రక దృష్టితో చూస్తే అది మన ఫర్నిచర్! దాన్ని విరగ్గొట్టిన శక్తులు అభివృద్ధి నిరోధక శక్తులు!"

నవ్వాలన్నారు కామ్రేడ్ లక్ష్మీకాంతం. ఆయన టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పట్టుకున్న మాట ఒక పట్టాన వదలరు. "ద్రోహులు కూలారు! వస్తుగత పరిస్థితులు వాళ్లను చెవి పట్టుకుని బైటికి గెంటాయి! ఇవాళ ఇంట్లో పాయసం వండుకోనివాడు మితవాది!"

గంట గడిచింది. మూడు గంటలు గడిచాయి. ముసాయిదా తీర్మానంలో మొదటి వాక్యం మొదటి పదం దగ్గర ఆగింది. "విచారంతో" అని మొదలెట్టాలని చలమయ్య పక్షం, "హర్షంతో" అని మొదలెట్టాలని లక్ష్మీకాంతం పక్షం. సువార్తమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుని ఇంటికి పోయింది.

మంగళవారం ఆమె వచ్చేసరికి భవనం మీద జెండా దగ్గర గొడవ జరుగుతోంది. విచార పక్షం జెండాను సగానికి దించింది. హర్ష పక్షం పైకి లాగింది. చివరికి ఉదయం పూట పైన, మధ్యాహ్నం నుంచి సగం దాకా అని రాజీ కుదిరింది. లోపల లక్ష్మీకాంతం పెట్టెలకు పెట్టెలు బూందీ లడ్లు పంచుతున్నారు. చలమయ్య పక్షం సంతాప సూచకంగా వండిన తిండి మానేసి అరటిపళ్లతో సరిపెట్టుకుంటోంది. అరటితొక్కలు ఆ పక్క, లడ్ల పెట్టెలు ఈ పక్క గుట్టలు పడ్డాయి. సువార్తమ్మ రెండు గుట్టలూ ఎత్తింది. నోటీసు మాట అడిగితే, రెండు నిమిషాల మౌనం నడుస్తోంది మాట్లాడొద్దని చలమయ్య సైగ చేశారు. ఆ మౌనంలో లక్ష్మీకాంతం లడ్డూ నమలడం స్పష్టంగా వినిపించింది. విచార పక్షం దాన్ని రెచ్చగొట్టే చర్యగా మినిట్స్‌లో రాయించింది.

బుధవారం ఇంకో చిక్కు వచ్చింది. గోడ మీది ప్రపంచ పటంలో జెర్బోనియా లేదు. ఆ పటం చాలా పాతది. దాన్ని మార్చడానికి చలమయ్య ఒప్పుకోలేదు. చరిత్ర తప్పటడుగు వేసినంత మాత్రాన పటం ఎందుకు మార్చాలని ఆయన వాదన. అందుచేత ఆ ప్రాంతమంతా పటంలో ఇప్పటికీ ఒకే ఎర్రటి ముద్ద.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్!" అని లేచాడు విచార పక్షం సభ్యుడొకడు. "మన అధికారిక పటంలో లేని దేశంలో ప్రభుత్వం ఎలా కూలుతుంది? కూలలేదు గనక చర్చే అక్కర్లేదు!"

సువార్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. చర్చ అక్కర్లేకపోతే రెండో అంశానికి పోవచ్చు. కానీ లక్ష్మీకాంతం ఊరుకుంటారా? పార్టీకి కనబడనంత మాత్రాన ప్రజల విజయం ఆగదన్నారు. దాంతో ముగ్గురితో భౌగోళిక ఉపసంఘం వేశారు. ఉపసంఘం కుర్చీలెక్కి, భూతద్దం పెట్టి రెండు గంటలు వెతికి, జెర్బోనియా బహుశా పటాన్ని వేలాడదీసిన మేకు కింద ఉండవచ్చునని నివేదిక ఇచ్చింది. మేకు పీకాలా వద్దా అన్నది కొత్త చర్చ.

వాళ్లు మేకు మీద ఉండగా సువార్తమ్మ మిరపకాయ బజ్జీల పొట్లాల కాగితాలు ఎత్తుతోంది. ఆరో క్లాసుదాకా చదివిన మనిషి, కాగితం కనబడితే వేలు పెట్టి చదవడం ఆమె అలవాటు. నూనె ఓడుతున్న ఓ ముక్క మీద గేదె బొమ్మ ఉంది. గేదె పక్కన జెర్బోనియా ఉంది. కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. చదివి, కొంగుతో నూనె తుడిచి, మళ్లీ ఓసారి చదివింది.

"మాస్టారూ! అది ఎందుకు పడిపోయిందో ఇందులో రాశారండీ!"

అందరూ మేకు వదిలి ఆమె వైపు తిరిగారు.

"ఆ రాజధాని ఊళ్లో చెత్తెత్తేవోళ్లని పనిలోంచి తీసేశారంట. వోళ్లంతా పదకొండు రోజులు చీపురు పట్టుకోలేదంట. మంత్రుల ఆఫీసుల ముందర చెత్త మేడంత లేచి, మంత్రులు లోపలికి పోలేక, కంపు భరించలేక రాజీనామా జేశారంట. ఇదిగో, చూడండి."

కమిటీలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. ఎందుకంటే బూర్జువా పత్రికల్లో శీర్షిక మాత్రమే చదవాలనీ, కింద ఉండేదంతా తప్పుదోవ పట్టించడానికేననీ చలమయ్య పాతికేళ్ల కిందట పెట్టిన నియమం. శీర్షిక చూసి మిగతాది విశ్లేషణతో తెలుసుకోవాలి. అందరూ అలాగే తెలుసుకున్నారు.

"సువార్తమ్మా" అన్నారు చలమయ్య, తరగతిలో వెనక బెంచీతో మాట్లాడినట్టు. "ప్రభుత్వాలు చీపుళ్లతో కూలవు. వైరుధ్యాలతో కూలతాయి."

"ఈ విషయంలో నేను కామ్రేడ్ చలమయ్యతో ఏకీభవిస్తున్నాను" అన్నారు లక్ష్మీకాంతం. మూడు రోజుల్లో ఇద్దరికీ మాట కలవడం అదే మొదటిసారి. "పైగా నువ్వు నాలుగో అంశానికి ప్రత్యేక ఆహ్వానితురాలివి. మొదటి అంశంలో నీకు మాట్లాడే హక్కు లేదు."

సువార్తమ్మకు అప్పుడు మాత్రం కోపం వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ భవనంలో ఆమెకు కోపం రావడం అదే మొదలు. నిజానికి కోపం కన్నా చిన్నబోవడం ఎక్కువ. చీపురు తలుపు వెనక పెట్టి, బజ్జీ కాగితం నోటీసు మడతలో పెట్టుకుని బైటికొచ్చింది.

బైట యేసుమణి ఎదురైంది. సువార్తమ్మకు పక్క వార్డు మనిషి, జాబితాలో రెండో పేరు. "ఏమైందక్కా, సంతకం పెట్టాడా?"

"మేకు కింద వెతుకుతున్నారే."

"మనం పని ఆపేస్తే పోలా?"

"నోటీసు లేకుండా ఆపితే అదే వంక బెట్టి ఇయ్యాళే తీసేస్తారు. వార్డులో ఆపగూడదు." సువార్తమ్మ భవనం వైపు తిరిగి చూసింది. లోపల ఎవరో మూడో దఫా టీ చెప్తున్నారు. "ఇక్కడైతే ఆపొచ్చు. దీనికి జీతమిచ్చే దొర లేడు. దొరే లేనప్పుడు నోటీసెవరికిస్తాం?"

గురువారం అరుణ భవనం ఊడవలేదు. కామ్రేడ్లు గమనించలేదు. వాళ్లకు అంతకన్నా పెద్ద పని ఉంది. తగాదా తీర్చడానికి జిల్లా నుంచి పరిశీలకుడు వస్తున్నాడని కబురొచ్చింది.

శుక్రవారం జిల్లా పరిశీలకుడు కామ్రేడ్ భుజంగరావు దిగారు. ఆయన వెంట చుట్టుపక్కల మండలాల నుంచి నలభైమంది ప్రతినిధులు. ఆయన లేచి కండువా సర్దుకుని మూడో పంథా ప్రవేశపెట్టారు.

"కామ్రేడ్స్, ఏడవడం అతివాదం. నవ్వడం అవకాశవాదం. ఈ సంక్లిష్ట దశలో మన కర్తవ్యం గమనించడం. సునిశితంగా, శాస్త్రీయంగా గమనించడం!"

చప్పట్లు మోగాయి. తగాదా తీరిందనుకుని అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. పప్పు వడ్డించేసరికి ఆశతో గమనించాలా, ఆందోళనతో గమనించాలా అన్న ప్రశ్న లేచింది. మజ్జిగ వేళకు గమనించేవాళ్లు కూడా రెండుగా చీలారు. విచారం, హర్షం, ఆశ, ఆందోళన అని నాలుగు పక్షాలు నాలుగు మూలల్లో కూర్చున్నాయి. ఫ్యాను మాత్రం మధ్యలో ఎవరికీ అందకుండా తిరిగింది. యాభై విస్తళ్లు వరండాలో అలాగే ఉండిపోయాయి. వాటిని తీయడానికి ఎవరైనా లేస్తే తన పక్షం బలం ఒకటి తగ్గుతుంది. కనక ఎవరూ లేవలేదు.

శనివారం పొద్దున్నే ఈగలొచ్చాయి. తర్వాత కుక్కలొచ్చాయి. పది గంటలకు ఓ పంది తన పిల్లలతో సహా వరండా ఎక్కి, ప్రతినిధుల మధ్య నుంచి నడుచుకుంటూ లోపలికి పోయింది. సాంబారు పులిసిన వాసన, అరటితొక్కల వాసన, పులిసిపోయిన మజ్జిగ వాసన కలిసి భవనంలో ఓ ఐక్య సంఘటన ఏర్పడింది. భుజంగరావు ముక్కుకు కండువా కట్టుకుని ప్రసంగిస్తున్నారు గానీ ఆయన ఏ పక్షం వైపు మొగ్గుతున్నారో ఎవరికీ వినబడలేదు.

భోజనాలు ఎవరికీ సహించలేదు. ఎండ ముదిరిన కొద్దీ వాసనా ముదిరింది. మూడున్నరకు చలమయ్య పక్షం నుంచి ఒకాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బైటికి పరిగెత్తాడు. ఇది వ్యూహాత్మక ఉపసంహరణ అని చలమయ్య వివరిస్తూ వివరిస్తూ తనూ లేచారు. ఐదు నిమిషాల్లో నాలుగు పక్షాలూ, పరిశీలకుడూ కుర్చీలతో సహా రోడ్డు మీద ఉన్నారు. వేపచెట్టు నీడన గుండ్రంగా కూర్చుని మొదటి అంశం కొనసాగించబోయారు.

అప్పటికే అక్కడ ముప్పై ఒక్క మంది ఆడవాళ్లు బుట్టలు బోర్లించుకుని వాటి మీద కూర్చుని ఉన్నారు. అందరూ పని దిగి, మొహాలు కడుక్కుని వచ్చినవాళ్లే.

సువార్తమ్మ లేచి నిలబడింది. "పాయింటాఫార్డరండీ" అంది.

"నీకు మాట్లాడే..." అని లక్ష్మీకాంతం అందుకోబోయారు.

"లోపలైతే లేదండీ. ఇది రోడ్డు. మీ రూల్సు పుస్తకంలో ఉంది గదా, ఆరుబయట జనం ముందు కమిటీ మాట్లాడితే అది బహిరంగ సభ అని. బహిరంగ సభలో మొదట స్థానిక సమస్యలే. కుర్చీలు మడిచేదాన్ని, నాకు తెల్దా?"

భుజంగరావు సంచిలోంచి నియమావళి తీశారు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగారు. నిజమే, అలాగే ఉంది. నిబంధన కనబడగానే ఆయన మొహం వారం తర్వాత ఇల్లు చేరిన మనిషి మొహంలా వెలిగింది.

"శ్రోతలు ఇరవై మందికి తక్కువ కాకుండా ఉండాలి" అని చదివారు.

"ముప్పై ఒక్కమందిమి ఉన్నాం. లెక్కబెట్టుకోండి."

"శ్రోతలు శ్రద్ధగా వినాలి."

"సోమారం నుంచీ వింటానే ఉన్నాం గదయ్యా" అంది యేసుమణి వెనక నుంచి.

అక్షరాలా నిబంధన ప్రకారం నాలుగో అంశం మొదటి అంశమైపోయింది. నాలుగు పక్షాలూ ఒక్కసారి కిందికి చూసి, బుట్టల మీద కూర్చున్న ఆడవాళ్లను చూసి, తమ చొక్కాల వాసన తామే పీల్చుకుని, ముప్పై ఒక్కమంది ఉద్యోగాలు పోకూడదని ఏకగ్రీవంగా తీర్మానించాయి. ఎవరూ సవరణ ప్రతిపాదించలేదు. సువార్తమ్మ తను కూర్చున్న బుట్టను ముందుకు జరిపింది. చలమయ్య దాని మీద కాగితం పెట్టి సంతకం చేశారు. ప్రసూతి సెలవు కాగితం మీద కూడా ఇలాగే ఆడవాళ్ల మధ్య సంతకం చేసిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది.

"ముందే పెట్టాల్సిందమ్మా" అన్నారు చిన్నగా.

"ఇప్పుడు పెట్టారుగా మాస్టారూ. పదండి, మీరూ రావాలి. మీరు లేకపోతే గుమాస్తా లోపలికి రానియ్యడు."

చలమయ్య వెళ్లారు. లక్ష్మీకాంతం కూడా వెళ్లారు. మున్సిపల్ ఆఫీసులో నోటీసు మీద ముద్ర పడేసరికి ఐదుకు పది నిమిషాలుంది. దారి పొడవునా లక్ష్మీకాంతం ఇచ్చిన నినాదాలకు గొంతు బొంగురుపోయింది. ఆయనకు అంత సంతోషంగా ఉండి చాలా ఏళ్లయింది.

ఆ తర్వాత కథ పెద్దగా లేదు. నోటీసు అందిన నాలుగో రోజున కమిషనరు చర్చలకు పిలిచాడు. ఈలోగా ఆ కొత్త యంత్రం చేపల బజారు సందులోకి పోయి, ముందుకూ వెనక్కూ కదలలేక ఇరుక్కుపోయింది. దాన్ని బైటికి లాగడానికి సువార్తమ్మ మనుషులే తాళ్లు కట్టారు. యంత్రం పెద్దరోడ్డుకు మాత్రమేననీ, సందులన్నీ ఆడవాళ్లవేననీ కాగితం మీద రాసుకున్నారు. ముప్పై ఒక్కమందిలో ఒక్కరి పేరూ పోలేదు.

ఆ పై సోమవారం పొద్దున చలమయ్య, లక్ష్మీకాంతం కలిసి పంతొమ్మిదో వార్డుకొచ్చారు. ఇద్దరూ కలిసి నడవడం చూసి టీ కొట్టు దగ్గర జనం ఆగి చూశారు. సువార్తమ్మ ఊడుస్తోంది.

"అమ్మా" అన్నారు చలమయ్య, గొంతు సవరించుకుని. "భవనంలో పంది ఇంకా ఉంది. పిల్లలు కూడా స్థిరపడ్డట్టున్నాయి. నువ్వొచ్చి ఓసారి..."

సువార్తమ్మ చీపురు మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆమెకు వాళ్లిద్దరినీ చూస్తే నవ్వొచ్చింది, జాలీ వేసింది, ప్రేమా పుట్టుకొచ్చింది.

"వత్తాను మాస్టారూ, రాకేం. కానీ భవనం ఊడవడం స్థానిక సమస్య గదా. నాలుగో అంశం. ముందు జెర్బోనియా తేల్చండి."

వాళ్లిద్దరూ భవనానికి తిరిగి వెళ్లారు. ఆ రోజు అరుణ భవనం వరండాలో నిలబడే కమిటీ సమావేశమైంది. జెర్బోనియా తీర్మానం ఏడు నిమిషాల్లో, నాలుగు పక్షాల ఏకాభిప్రాయంతో ఆమోదం పొందింది. అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది: "జెర్బోనియాలో ప్రభుత్వం పడిపోయిందని ఈ కమిటీ గుర్తించింది." మధ్యాహ్నానికల్లా ఇద్దరూ ఆ కాగితం పట్టుకుని మళ్లీ వార్డుకొచ్చారు.

సువార్తమ్మ వేలు పెట్టి చదివింది. బాగుందంది. కాగితం మడిచి చలమయ్య చేతికిచ్చింది.

"ఇంకా జాతీయం, రాష్ట్రం మిగిలున్నయ్యి గదయ్యా" అని, తన చేతిలోని చీపురు లక్ష్మీకాంతం చేతిలో పెట్టింది. "అయ్యి తేలేదాకా ఇది మీ దగ్గరుంచండి. కొత్తది. చిన్నగా పట్టుకోండి, పుల్లలు గుచ్చుకుంటయ్యి."